భర్త పోయాక నవ్వడం నేరమనుకున్న మనిషి: ఒక కేస్ స్టడీ

రాజమహేంద్రవరంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి ఈ కేసు ఒక జనరల్ ఫిజీషియన్ రాసిచ్చిన చీటీతో వచ్చింది. ఛాతీ పట్టేసినట్టు ఉండడం, నిద్ర పట్టకపోవడం, షుగరు అదుపు తప్పడం అనే మూడు ఫిర్యాదులు అందులో ఉన్నాయి. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, గుండెలో లోపమేమీ లేదని తేల్చుకున్నాకే ఆయన ఇటు పంపారు. ఆమె వయసు 53. భర్త చనిపోయి పద్నాలుగు నెలలైంది. ఆయన ఉన్న రోజుల్లో 7.1 ఉండే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు చూపే పరీక్ష) ఇప్పుడు 9.4కు చేరింది, బరువు తొమ్మిది కిలోలు తగ్గింది.

ఆమె అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, ఒకటి రెండు చోట్ల ఇదే తీరులో నడిచిన వేరే కేసుల సంగతులు కలిపాను. జీవిత భాగస్వామిని కోల్పోయినవాళ్లు మళ్లీ సంతోషంగా ఉండగలరా అని పిల్లలు, తోబుట్టువులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఉండగలరని చెప్పడం తేలిక. ఈ కేసులో నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి: సంతోషించే శక్తి ఆమెలో మొదటినుంచీ చెక్కుచెదరకుండానే ఉంది, అది బయటికి వచ్చిన ప్రతిసారీ ఆమె తనకు తానే శిక్ష వేసుకుంటూ వచ్చారు. చికిత్సలో ఎక్కువ భాగం ఆ శిక్ష మీదే నడిచింది.

షాపు, సంసారం

భార్యాభర్తలిద్దరూ పాతికేళ్లకు పైగా ఒకే టైలరింగ్ షాపులో పనిచేశారు. ముందు గదిలో కటింగ్ బల్ల దగ్గర ఆయన, వెనుక గదిలో మిషన్ల మీద ఆమె, సాయానికి ఒక అమ్మాయి. ఆది జాకెట్టు తీసుకుని కొలతలు పుస్తకంలో రాసి, గుడ్డ మీద సుద్దతో గీసి కోయడం ఆయన పని. కుట్టడం, కాజాలు, హుక్కులు, చీరలకు ఫాల్స్, పెళ్లి జాకెట్ల గుడ్డను మగ్గం పనికి పంపి తెప్పించుకోవడం ఆమె పని. డబ్బు లెక్కలు, అద్దె, చీటీలు, బ్యాంకు వ్యవహారాలు ఆయన చేతిలోనే ఉండేవి. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు, కూతురు కాకినాడలో కాపురం ఉంటోంది.

ఇలా ఇంట్లోనూ పనిలోనూ రోజంతా కలిసే గడిపిన జంటల్లో ఒకరు పోయినప్పుడు, మిగిలినవారికి కాసేపైనా ఆ లోటు కనిపించని చోటంటూ ఉండదు. ఉద్యోగానికి వెళ్లివచ్చేవారికి ఆఫీసు ఒక చాటు. ఈమెకు ఇంట్లో మంచం ఎలా ఖాళీ అయిందో, షాపులో బల్ల కూడా అలాగే ఖాళీ అయింది. కొడుకు పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్తే రెండు నెలలు అపార్ట్‌మెంట్‌లో ఉండి తిరిగి వచ్చేశారు. అక్కడ ఎవరూ తనను పేరు పెట్టి పిలవలేదని, లిఫ్టులో ఎదురైనవాళ్లకు తానెవరో తెలియదని చెప్పారు. షాపు అమ్మేసి శాశ్వతంగా వచ్చేయమని కొడుకు, అమ్మనని ఆమె. ఈ పంతం మధ్యలోనే ఆమె నా దగ్గరికి వచ్చారు. భాగస్వామి పోయిన తొలి ఏడాది రెండేళ్లలో ఇల్లు, ఊరు, వ్యాపారం మార్చే నిర్ణయాలు వాయిదా వేసుకోమనే నేను ఎవరికైనా చెబుతాను. కొడుకుకూ అదే చెప్పాను. అతనికి నచ్చలేదు గానీ ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి జరిగింది

రాత్రి భోజనమయ్యాక, పదకొండు గంటల ప్రాంతంలో ఆయన ఛాతీలో మంటగా ఉందని, గ్యాస్ అయి ఉంటుందని అన్నారు. ఆమె వాము నీళ్లు కాచి ఇచ్చారు. హాస్పిటల్‌కు వెళ్దామా అని అడిగితే, "పొద్దున్నే చూద్దాంలే, నువ్వు పడుకో" అన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బాత్రూమ్‌కు వెళ్తూ గుమ్మం దగ్గర పడిపోయారు. ఆటోలో తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది.

"వాము నీళ్లిచ్చి పడుకోబెట్టాను మేడమ్. నా చేతులతో నేనే." మొదటి సిటింగులో ఆమె ఈ మాట కన్నీరు లేకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పారు. ఛాతీనొప్పిని గ్యాస్‌నొప్పి అనుకోవడం మన ఇళ్లలో ఎంత మామూలో వైద్యరంగంలో ఉన్న ప్రతివారికీ తెలుసు. ఆ ఇంటి మనిషికి మాత్రం అది తానొక్కరే చేసిన తప్పుగా మిగిలిపోతుంది.

తర్వాత కర్మకాండ యథావిధిగా జరిగింది. పదో రోజున గాజులు పగలగొట్టించారు, మెట్టెలు తీయించారు. ఏటిసూతకం పాటించారు. మాసికాలు నడిచినంత కాలం నెలకొకసారి చుట్టాలు రావడం, వంటలు, బ్రాహ్మణుడి కోసం ఎదురుచూడడం వంటి పనులతో తనకు కాస్త తెరిపిగానే ఉండేదని ఆమె అన్నారు. సంవత్సరీకం అయిపోయాక ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. దుఃఖానికి మన ఆచారం ఇచ్చే ఏడాది గడువు చాలామందికి నిజంగా మేలు చేస్తుందని నా అభిప్రాయం: దేనికి ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు ఎవరు పక్కన ఉండాలో అది ముందే ఏర్పాటు చేసి పెడుతుంది. అయితే భార్య పోయిన మగవాడికి ఏడాది తర్వాత తలుపులన్నీ తెరుచుకుంటాయి, భర్త పోయిన ఆడమనిషికి పేరంటం తలుపు మాత్రం మూసే ఉంటుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే, 1881 డిసెంబరు 11న. నూట నలభై ఏళ్ల తర్వాత ఇదే ఊళ్లో నా ఎదుట కూర్చున్న మనిషికి మళ్లీ పెళ్లి చేసుకోవాలన్న ఆలోచనే లేదు. ఆమె అడిగింది అంతకంటే చాలా చిన్నది: "పెళ్లికూతురి జాకెట్టు నా చేత్తో కుట్టొచ్చా?"

నవ్వు, దాని తర్వాత

పదో నెలలో ఒక సంఘటన జరిగింది. కూతురి ఇంట్లో అందరూ కూర్చుని ఉండగా నాలుగేళ్ల మనవడు తాతయ్యలా టేపు మెడలో వేసుకుని, "చెయ్యెత్తమ్మా, ఊపిరి బిగపట్టకు" అంటూ వచ్చినవాళ్లందరికీ కొలతలు తీయడం మొదలుపెట్టాడు. ఆమె పగలబడి నవ్వారు. భర్త పోయాక అంతలా నవ్వడం అదే మొదటిసారి. అక్కడే ఉన్న ఆడపడుచు, "నీకు అప్పుడే నవ్వులొస్తున్నాయా వదినా?" అని అంది. గది నిశ్శబ్దమైపోయింది.

ఆ రాత్రి నుంచి ఆమెకు నిద్ర లేదు. రెండు మూడు రోజుల్లో షాపుకు వెళ్లడం తగ్గించారు, తర్వాత పూర్తిగా మానేశారు. షుగరు మాత్రలు వేసుకోవడం గుర్తుండేది కాదు, కొన్నాళ్లకు గుర్తున్నా వేసుకోలేదు. ఛాతీ పట్టేయడం సరిగ్గా రాత్రి పదకొండింటికి మొదలయ్యేది.

అంచనా

డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 17 వచ్చింది. దుఃఖం చిక్కుపడిన తీరును కొలిచే 19 ప్రశ్నల పట్టికలో 41 వచ్చింది. అందులో 25 దాటితేనే జాగ్రత్తగా చూడాలి. జ్ఞాపకశక్తిలో లోపం లేదు. "ఆయన వెనకే పోతే బాగుండు" అన్న మాట ఆమె నోట వచ్చింది కాబట్టి దాన్ని అక్కడే నిలిపి, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా, ఎలా అని ఆలోచించారా, ఇంట్లో అందుబాటులో ఏమున్నాయి అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన కల్పించినట్టవుతుందని బంధువులు భయపడతారు, అడగకపోవడమే ప్రమాదం. ఆమెకు ప్రయత్నం, పథకం లేవు. కానీ మాత్రలు మానేయడం తెలిసి చేస్తున్న పనేనని ఆ సంభాషణలోనే ఒప్పుకున్నారు. మాత్రల డబ్బా సంగతి కూతురికి అప్పగించాం, రాత్రివేళ ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయమని ఆమె ఫోన్‌లోనే సేవ్ చేసి ఇచ్చాను.

ఈ విషయాన్ని నేను తేలిగ్గా తీసుకోకపోవడానికి కారణం ఉంది. భాగస్వామి పోయిన తొలినాళ్లలో మిగిలినవారి ప్రాణానికే ముప్పు పెరుగుతుందని చాలా కాలం క్రితమే తేలింది. 55 ఏళ్లు దాటి భార్యను కోల్పోయిన 4,486 మంది పురుషుల మీద బ్రిటన్‌లో జరిగి, 1969లో ప్రచురితమైన అధ్యయనంలో, మొదటి ఆరు నెలల్లో మరణాలు మామూలుగా ఉండాల్సిన దానికంటే దాదాపు 40 శాతం ఎక్కువగా ఉన్నాయి, అందులో గుండెజబ్బులది పెద్ద వాటా. తినడం, నిద్ర, మందులు వంటి మామూలు సంగతులు దుఃఖంలో మామూలువి కాకుండా పోతాయి.

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అనే పేరు ఇప్పుడు జబ్బులను నిర్ధారించడానికి వాడే రెండు ప్రధాన వర్గీకరణల్లోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు గడవాలంటుంది, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2022లో వెలువరించిన డీఎస్ఎం-5-టీఆర్ పెద్దవాళ్ల విషయంలో ఏడాది గడవాలంటుంది. మన ఏటిసూతకం లెక్కకు రెండోదే దగ్గర. రెండూ కూడా ఆ మనిషి సమాజంలో, సంస్కృతిలో మామూలుగా కనిపించే దుఃఖాన్ని మించి ఉంటేనే రుగ్మత అనమంటాయి. ఆ షరతు లేకపోతే మన ఊళ్లలో సగంమంది అమ్మమ్మలకు జబ్బు అంటగట్టాల్సి వస్తుంది. ఈమె విషయంలో గడువూ తీవ్రతా రెండూ దాటాయి, పైగా డిప్రెషన్ కూడా ఉంది. సైకియాట్రిస్టు ఎసిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. ఇదే కోవకు చెందిన సిటాలోప్రామ్‌తో జరిగి 2016లో వెలువడిన అమెరికా పరీక్షలో, దుఃఖ చికిత్సకు తోడుగా మందు ఇచ్చినప్పుడు డిప్రెషన్ లక్షణాలు మరింత తగ్గాయి గానీ దుఃఖం విషయంలో మందు అదనంగా చేసిందేమీ కనిపించలేదు. అందుకే మందును నిద్రకు, ఆకలికి, నీరసానికి ఆసరాగా చూశాం.

నిరాకరణతో మొదలై అంగీకారంతో ముగుస్తుందనే ఐదు మెట్ల దుఃఖం గురించి కొడుకు ఇంటర్నెట్‌లో చదివి, అమ్మ ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందని అడిగాడు. 1969లో వచ్చిన ఆ వర్ణన మరణానికి దగ్గరవుతున్న రోగులతో మాట్లాడి చేసినది. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాల్సిన మెట్లుగా దాన్ని వాడడం వల్ల మేలు కంటే కంగారే ఎక్కువ. నేను ఆధారపడింది 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియ నమూనా మీద. పోయినవారిని తలుచుకుని ఏడ్చే వైపు ఒకటి, మిగిలిన బతుకును సర్దుకునే వైపు ఒకటి. ఆరోగ్యంగా దుఃఖించేవారు రోజులో ఎన్నోసార్లు ఈ వైపు నుంచి ఆ వైపుకు వెళ్లివస్తూనే ఉంటారు. మనవడి ఆటకు ఆమె నవ్విన నవ్వు అలాంటి రాకపోకల్లో ఒకటి. ఆడపడుచు మాటతో ఆ దారి మూసుకుపోయింది.

రెండు వరుసల నోట్‌బుక్

మొదటి వారాల్లో చేసిన పని చాలా మామూలుది: వేళకు తిండి, మాత్రలు, మధ్యాహ్నం పడక మానడం, రోజుకు ఒక గంట షాపు తలుపు తీసి కూర్చోవడం. దాంతోపాటు ఒక నోట్‌బుక్ ఇచ్చాను. రోజు మొత్తంలో ఏ కొంచెమైనా బాగుందనిపించిన క్షణం ఒకటి రాయాలి, ఎంత బాగుందో పదికి మార్కు వేయాలి, ఆ వెంటనే తప్పు చేసినట్టు ఎంత అనిపించిందో పక్క వరుసలో పదికి ఇంకో మార్కు వేయాలి.

రెండు వారాలు పేజీలు ఖాళీగా వచ్చాయి. మూడో వారంలో రాసి కొట్టేసిన ఒక పంక్తి కనిపించింది. కొట్టివేత కింద చదవగలిగాను: "మినపరొట్టె బాగా కాలింది. అంచు కరకరలాడింది." బాగుండడానికి 5, తప్పనిపించడానికి 9. ఎందుకు కొట్టేశారని అడిగితే, ఆయనకు ఇష్టమైనది తానొక్కతే తిని బాగుందనుకోవడం ఏం బాగుంటుందని తిరిగి నన్నే అడిగారు.

ఈ ఒక్క పంక్తి చికిత్స దిశను నిర్ణయించింది. డిప్రెషన్ లోతుగా ఉన్న మనిషిలో మొదటి వరుస అంకె 0, 1 దగ్గర ఆగిపోతుంది, రుచి తెలియదు, మనవడు ముద్దు రాడు. ఈమెకు రుచి తెలుస్తోంది. ఆ తర్వాతి నెలల్లో కూడా మొదటి వరుసలో 5, 6 అంకెలే తిరిగాయి, చికిత్స చివరికి వచ్చినా 7 దాటలేదు. మారింది రెండో వరుస: 9 నుంచి 6కు, 4కు, చివరి నెలలో 2కు దిగింది. సంతోషాన్ని పెంచే ప్రయత్నాలు, అంటే కుటుంబం అప్పటిదాకా చేసిన తీర్థయాత్రలు, కొత్త టీవీ, హైదరాబాద్ మకాం ఎందుకు పనిచేయలేదో దీంతో అర్థమైంది. అవి సంతోషం కలిగించినకొద్దీ తప్పనే భావన కూడా పెరిగేది.

వాము నీళ్ల లెక్క

నవ్వినందుకు పడ్డ బాధకు మూలం ఆ రాత్రి దగ్గర ఉంది. కాబట్టి ఆ రాత్రిని వర్తమానంలో జరుగుతున్నట్టుగా, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పించాను. ఫోన్‌లో రికార్డు చేసి, వారం మధ్యలో పగటిపూట ఇంట్లో వినమన్నాను, విన్నాక తప్పనిసరిగా తనకు నచ్చిన పని ఒకటి చేయమన్నాను. దుఃఖ చికిత్సలో ఇది గట్టి భాగం. తోడు లేకుండా, అంచనా లేకుండా ఎవరూ ఇంట్లో సొంతంగా ప్రయత్నించదగింది కాదు. మొదటిసారి చెప్పినప్పుడు కథ ఐదు నిమిషాల్లో ముగిసింది: మంట అన్నారు, వాము నీళ్లిచ్చాను, పడిపోయారు. నాలుగోసారికి అది పాతిక నిమిషాలైంది, అంతకుముందు లేనివి ఎన్నో బయటికి వచ్చాయి. వాము నీళ్లు కావాలని అడిగింది ఆయనే. హాస్పిటల్ మాట ఆమె ఒకసారి కాదు, రెండుసార్లు ఎత్తారు. రెండోసారి ఆయన విసుక్కున్నారు. మంట తగ్గిందని చెప్పి ఆమె చెయ్యి పట్టుకుని నిద్రపోయారు.

"అప్పుడే తీసుకెళ్తే బతికేవారా?" అని ఆమె అడిగారు. బంధువులందరూ అప్పటికే వందసార్లు "నీ చేతిలో ఏముంది, ఆయుష్షు తీరింది" అని చెప్పి ఉన్నారు, ఆ మాట ఆమెకు ఒక్కసారీ అతకలేదు. అబద్ధపు ఓదార్పు ఇలాంటి చోట పనిచేయదని నా గట్టి నమ్మకం. ఆమెను పంపిన ఫిజీషియన్‌నే అడిగిరమ్మన్నాను. ఆయన నిజాయితీగా చెప్పారు: రాత్రే వస్తే బతికే అవకాశం ఉండేది, తప్పకుండా బతికేవారని ఎవరూ చెప్పలేరు, ఆ లక్షణాలతో చదువుకున్నవాళ్లు కూడా పొద్దుటిదాకా ఆగుతుంటారు.

ఆ జవాబు పట్టుకుని వచ్చిన రోజున ఒక కాగితాన్ని నిలువుగా మడిచి రెండు భాగాలు చేశాం. ఎడమవైపు, రాత్రి పదకొండింటికి ఆమెకు తెలిసినవి. కుడివైపు, పొద్దున ఐదింటికి తెలిసినవి. "మంట", "ఆయనే గ్యాస్ అన్నారు", "అంతకుముందు రెండుసార్లు ఇలాగే అయి తగ్గింది", "బీపీ మాత్ర వేసుకున్నారు" అన్నవి ఎడమవైపు పడ్డాయి. "గుండెపోటు" అన్న మాట ఒక్కటీ కుడివైపు పడింది. ఆమె చాలాసేపు ఆ మాటను ఎడమవైపుకు తేవడానికి వాదించారు. నేను అడ్డుపడలేదు, ఏ ఆధారంతో తెస్తారో చెప్పమన్నాను. చివరికి, "నాకు తెలిసుంటే ఆయన్ని లాక్కునైనా వెళ్లేదాన్ని" అని, ఆ మాట తానే విని, భర్త గురించి చెబుతూ నా ఎదుట మొదటిసారి ఏడ్చారు.

ఏడుపు వెనకే కోపం వచ్చింది. విసుక్కున్నందుకు కోపం, ఇంకా ముఖ్యంగా, ఒక స్నేహితుడి చీటీకి హామీ సంతకం పెట్టిన సంగతి ఇంట్లో చెప్పనందుకు కోపం. ఆయన పోయిన రెండో నెలలో లక్షా ఎనభై వేలు కట్టమని ఇంటికి మనుషులు వచ్చారు. పోయినవాళ్లను అనకూడదని ఆమె ఆ విషయం పిల్లలకు కూడా సగమే చెప్పారు. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలో ఆయన ఉన్నట్టు భావించి అడగాల్సింది అడగమన్నప్పుడు ఆమె మీరు నుంచి నువ్వులోకి దిగి మరీ దులిపేశారు. పోయినవారిని దేవుణ్ని చేసి పటంలో పెట్టినంతకాలం వారితో ఉన్న మంచి జ్ఞాపకాలు కూడా బిగుసుకుపోతాయి. మనిషిగా దింపినప్పుడు అవీ కదులుతాయి. తర్వాతి వారం ఆమె ఆయన గురించి చెప్పిన కబుర్లలో, కొత్తలో ఒక పెద్దింటి కోడలి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కోసి, రాత్రంతా గుడ్డ కోసం ఊరంతా తిరిగిన కథ ఉంది. ఇద్దరం నవ్వాం. నోట్‌బుక్‌లో ఆ రోజు 6, 4.

ఆడపడుచు

ఆమె అనుమతితో ఆడపడుచును కూడా ఒకసారి పిలిపించాను. వస్తూనే తన తప్పేమీ లేదన్నట్టు కూర్చున్నారు. కాసేపటికి కార్తీక శుద్ధ విదియ ప్రస్తావన వచ్చింది. ఏటా ఆ రోజున భగినీ హస్త భోజనానికి అన్నయ్య తన ఇంటికి వచ్చేవాడని, పోయిన ఏడాది విస్తరి వేసి, ఎత్తేశానని చెప్పారు. పరామర్శకు వచ్చినవాళ్లందరూ వదినను పట్టుకుని ఏడ్చారు, అన్నను పోగొట్టుకున్న ఈమెను కాఫీలు ఇచ్చే మనిషిగానే చూశారు. అందరూ ఆయన్ని మరచిపోతున్నారన్న భయంలో, వదిన కూడా నవ్వేసరికి ఆ మాట వచ్చేసింది. "నువ్వూ మరిచిపోతే ఇంక వాణ్ని తలుచుకునేదెవరు వదినా?" అని అడిగారు.

ఆచారం పేరుతో వచ్చిందనుకున్న మాట వెనక ఇలాంటిది ఉండవచ్చని నాకు కొంత అనుమానం ఉండబట్టే ఆమెను పిలిచాను. అన్నిసార్లూ ఇలా జరగదు. నిజంగానే వితంతువు నవ్వకూడదనుకునే బంధువులు ఉన్నారు, వాళ్లను పిలిచి కూర్చోబెట్టినా ప్రయోజనం ఉండదు. ఇక్కడ మాత్రం ఆ వచ్చే విదియకు ఇద్దరూ కలిసి వండుకుని తిన్నారు.

కత్తెర, పెళ్లి జాకెట్టు

షాపుకు వెళ్లడం మొదలుపెట్టాక కూడా ఆమె కటింగు ముట్టలేదు. గుడ్డలు వేరే షాపులో మాస్టరుకు పంపి, జాకెట్టుకు ఇంత అని ఇచ్చి కోయించి, తాను కుట్టేవారు. మిగిలేది అద్దెకు చాలేది కాదు. ఆయన పదకొండంగుళాల కత్తెర పాత లుంగీ గుడ్డలో చుట్టి బల్ల కింద ఉంది. దాన్ని బయటికి తీయడం, నూనె వేయడం, పాత గుడ్డ పేలికలు కోయడం, లైనింగు కోయడం అంటూ అంచెలంచెలుగా ఒక క్రమం వేసుకున్నాం. ప్రతి అంచెలోనూ గుండెదడ వచ్చింది, పది పదిహేను నిమిషాల్లో తగ్గింది. లైనింగు దాకా వచ్చాక ఆమె ఒక సంగతి తేల్చారు: అది తన చేతికి బరువు, బొటనవేలు వాచింది. తొమ్మిదంగుళాల కత్తెర కొత్తది కొనుక్కుని, పాతదాన్ని సాన పట్టించి అల్మారాలో పెట్టారు. కొలతల పుస్తకం మాత్రం అదే. పాత ఖాతాదారుల కొలతలు ఆయన చేతిరాతలో ఉన్నాయి, లావైనవాళ్లవీ సన్నబడినవాళ్లవీ పక్కనే ఈమె దిద్ది రాస్తున్నారు. పోయినవారితో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్న పాత అభిప్రాయాన్ని 1990ల నుంచి పరిశోధకులు వదిలేశారు. బంధం రూపు మార్చుకుని కొనసాగుతుంది, కొనసాగవచ్చు.

పెళ్లి జాకెట్ల సంగతి అంత సులువుగా తేలలేదు. తన చేయి శుభానికి పనికిరాదని ఆమె నమ్మకం, ఎవరూ తనను అలా అనకపోయినా. ఆ నమ్మకంతో వాదించడం కంటే ఖాతాదారులనే అడిగి చూడడం మేలనుకున్నాం. ఎలా అడగాలో రెండు సిటింగుల్లో సాధన చేశాక, పెళ్లి బట్టలతో వచ్చిన ముగ్గురిని ఆమె నేరుగా అడిగారు: "మా ఆయన పోయారని మీకు తెలుసు కదండీ, నా చేత కుట్టించుకోవడానికి మీకు ఇబ్బందేమైనా ఉందా?" ఇద్దరు ఆశ్చర్యపోయారు, అందులో ఒకావిడ, ఈ ఊళ్లో నీ చేతి కుట్టు కుదిరినట్టు ఎవరిదీ కుదరదమ్మా, కావాలంటే పసుపుబొట్టు మేం పెట్టుకుంటాంలే అన్నారు. మూడో ఆవిడ అత్తగారిని అడిగి చెబుతానని వెళ్లి మళ్లీ రాలేదు. ముగ్గురూ ఒప్పుకుని ఉంటే బాగుండేదని నేనూ అనుకున్నాను. అయితే ఆ రాని మనిషి వల్ల ఆమెకు ఉపయోగమే కలిగింది. ఆ రోజు రాత్రి బాధపడ్డారు, పొద్దున్నే షాపు తీశారు. లోకం మొత్తం తనను కాదంటుందన్న భయం స్థానంలో, ఒకరు కాదన్నారు అన్న లెక్క వచ్చింది.

వెనకడుగు, ప్రస్తుత స్థితి

రెండో ఏడాది తద్దినం దగ్గరపడేసరికి దాదాపు అన్ని లక్షణాలూ తిరిగి వచ్చాయి. రాత్రి పదకొండింటికి ఛాతీ పట్టేయడం, తెల్లవారుజామున మెలకువ, మాట్లాడితే కన్నీళ్లు. అలా జరుగుతుందని, పది రోజులకు మించి ఉంటే ఫోన్ చేయమని ముందే చెప్పి ఉంచాం. కొడుకు, కూతురు వారం రోజులు వచ్చి ఉన్నారు. పన్నెండో రోజున తగ్గింది. ఇలాంటి తేదీలు రాబోయే చాలా ఏళ్లు ఇబ్బంది పెడతాయి. జర్మనీలో వేల కుటుంబాలను ఏటా పలకరిస్తూ సాగిన సర్వే ఆధారంగా 2003లో వచ్చిన విశ్లేషణలో, భాగస్వామిని కోల్పోయినవారు సగటున పూర్వపు తృప్తి స్థాయికి చేరువ కావడానికి ఎనిమిదేళ్ల దాకా పట్టింది. ఈ సంఖ్యను నేను కుటుంబాలకు కావాలనే చెబుతాను. ఏడాదైంది కదా, ఇంకా ఏమిటి అనే కొడుకులకు అది కాస్త ఓపిక నేర్పుతుంది. అది సగటు మాత్రమే. భాగస్వామి పోయిన వృద్ధుల మీద అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో దాదాపు సగంమంది పెద్దగా కుంగిపోకుండానే నిలదొక్కుకున్నారు, వాళ్లకు ప్రేమ తక్కువైందని అర్థం కాదు.

ఆరు నెలల చికిత్స ముగిసేసరికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 6కు, దుఃఖ పట్టిక స్కోరు 18కి వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 7.6. ఎసిటాలోప్రామ్‌ను సైకియాట్రిస్టు ఇంకొంత కాలం కొనసాగిస్తున్నారు. షాపు అమ్మకం మాట కొడుకు ఎత్తడం లేదు. లెక్కలు చూసుకోవడం, ఫోన్‌లో డబ్బు తీసుకోవడం నేర్పింది అతనే. చీటీ బాకీలో సగం తీరింది, మిగతాది స్నేహితుడి చేత కట్టించే ప్రయత్నం పెద్దమనుషుల దగ్గర నడుస్తోంది. వీధిలోని ఆడవాళ్లతో కలిసి పాపికొండలకు బోటు మీద వెళ్లివచ్చారు, ఫోటోలు చూపించారు.

అన్నీ తీరలేదు. పూలు పెట్టుకోవడం లేదు, అది తన ఇష్టమని అంటున్నారు, నేను తరచి అడగలేదు. తెలిసినవాళ్లింట పెళ్లికి వెళ్లినా అక్షతలు వేసేటప్పుడు వెనక వరుసలోనే ఉంటున్నారు. రాత్రి భోజనం ఒక్కతే తినాల్సి రావడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, అందుకని షాపులో పనిచేసే అమ్మాయితో కలిసి అక్కడే తిని ఇంటికి వెళ్తున్నారు. ప్రస్తుతం మూడు నెలలకొకసారి రమ్మన్నాను. మాఘమాసం ముహూర్తాలకు తొమ్మిది పెళ్లి జాకెట్లు ఒప్పుకున్నానని, ఫాల్గుణంలో వస్తానని మొన్న ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ వాయిదా వేయించుకున్నారు.